అమ్మకానికి పెట్టిన హార్మోనియం

మా ఇంట్లో హార్మోనియాన్ని అమ్మకానికి పెట్టింది నేనే. పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు నాలుగు ఫొటోలు తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఎక్కించా. ‘మంచి కండిషన్. ఎనిమిది వేలు. వచ్చి చూసుకోవచ్చు’ అని రాశా. అమ్మని అడిగితే ‘‘నీ ఇష్టం తల్లీ’’ అంది. ఆ మాటని నేను ‘సరే’ అని అర్థం చేసుకున్నా. ఎంత తప్పో నాకు తెలియడానికి ఒక సంక్రాంతి, ఒక బస్సు ప్రయాణం, ఎప్పుడో పోయిన ఒక అమెరికా పియానిస్టు కావాల్సి వచ్చాయి.

మాది నరసరావుపేటకి దగ్గర్లో చిన్న ఊరు. నాన్న పగలు టైలరు, రాత్రి హార్మోనిస్టు. పద్య నాటకాలకి వాయించేవాడు. కోటప్పకొండ తిరునాళ్లొస్తే మా ఇంట్లో ఎవరికీ నిద్రుండేది కాదు. ఒక పక్క ప్రభల మీద కరెంటు బల్బుల వెలుగు, ఇంకో పక్క జనం, మధ్యలో ఎక్కడో ఒక స్టేజి. దాని మూల నాన్న. పద్యం చివర రాగం అందుకుని నటుడు ఊపిరి ఉన్నంత మేరా వెళ్తుంటే, నాన్న వేళ్లు అతని వెనకే నడిచేవి. జనం ‘వన్స్‌మోర్’ అని అరిచేది నటుడికే. హార్మోనిస్టు పేరు మైకులో ఒక్కసారి చెబుతారు. ఆ టైముకి సగంమంది టీ బంకు దగ్గరుంటారు.

అమ్మకి కూడా ఆ పెట్టె వాయించడం వచ్చు. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. కొత్త నాటకం ఒప్పుకున్నప్పుడు నాన్న కుట్టుమిషను మీద ఉంటే, అమ్మ పెట్టె ముందు కూర్చుని పద్యాలకి వరసలు వేసి వినిపించేది. ‘‘ఇక్కడ కాంభోజి బరువైపోద్ది. మోహనలోకి పో’’ అనేది. నాన్న మిషను ఆపకుండానే తలూపేవాడు. స్టేజి మీద అట్టాగే పోయేవాడు. చప్పట్లు పడేవి. తెల్లారి ఇంటికొచ్చి ‘‘నీ మోహన నిలబడింది’’ అని చెప్పేవాడు. అమ్మకి దక్కిన సన్మానం అంతే. ఊళ్లో మాత్రం ఆమె ‘హార్మోనిస్టు గారి భార్య’.

నాన్న పోయి మూడేళ్లు దాటింది. గుండెపోటు. పెద్ద కర్మ అయ్యాక పెట్టె మీద పాత దుప్పటి కప్పి అటక మీద పెట్టారు. ఆ ఏడాది ధనుర్మాసంలో రామాలయం భజనకి హార్మోనియం వాయించేవాళ్లు లేరు. ఎవరో ‘‘ఆ అమ్మాయి వాయిస్తది కదా’’ అన్నారట. ఒక పెద్దాయన ‘‘ఇప్పుడెందుకులే, ఆయన పోయి ఏడాదన్నా కాలా. బాగుండదు’’ అన్నాడట. ఏడాది అయింది. రెండేళ్లయింది. మళ్లీ ఎవరూ అడగలేదు. అమ్మ ఇది ఫోన్లో చెప్పినప్పుడు నేను హైదరాబాద్‌లో హాస్టల్ మెస్సులో ప్లేటు పట్టుకుని లైన్లో ఉన్నా. ‘‘పోన్లే అమ్మా, నీకూ రెస్టు’’ అన్నా. అమ్మ అడిగింది రెస్టు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

నేను చేసేది నైట్ షిఫ్టు ఉద్యోగం. తెల్లవారుజామున మూడింటికి నిద్ర ఆపుకోవాలంటే చెవిలో ఏదో ఒకటి మోగుతుండాలి. డిసెంబరులో ఒక రాత్రి ప్లేలిస్టు అయిపోయి, యాప్ దానంతటదే ఇంకో పాట మొదలెట్టింది. ముందు తంబుర. మన తంబురే. ఎవరిదో భజన అనుకుని మార్చబోయా. ఈలోపు ఒక లావు తీగ, నాలుగైదు స్వరాల మాటొకటి పట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ చెప్పడం మొదలెట్టింది. దాని మీద జల్లుపడ్డట్టు ఇంకేదో వాయిద్యం. ఫోన్ తీసి చూస్తే ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ అని ఉంది. పేరు ఆలిస్ కోల్‌ట్రేన్. ఫొటోలో ఒక నల్లజాతి అమ్మాయి. సంవత్సరం 1971. మా అమ్మ కూడా అప్పటికి పుట్టలేదు.

ఆ రాత్రి టికెట్లు తక్కువ. ఆవిడ గురించి చదువుతూ కూర్చున్నా.

ఆలిస్ 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. చిన్నప్పుడే పియానో నేర్చుకుంది, చర్చిలో వాయించింది, పెద్దయ్యాక జాజ్ పియానిస్టు అయింది. జాన్ కోల్‌ట్రేన్‌ని పెళ్లాడింది. ఆయన జాజ్‌లో ఎంత పెద్ద పేరంటే, శాక్సాఫోన్ పట్టుకున్నవాడెవడైనా ముందు ఆయన్ని దాటుకుని రావాల్సిందే. 1966లో ఆయన బృందంలో పియానో దగ్గర ఆలిస్ కూర్చుంది. అంతకుముందు ఆ చోట ఉన్నది మెకాయ్ టైనర్, మహా ఘనుడు. ‘భార్య కాబట్టి కూర్చోబెట్టాడు’ అన్నవాళ్లు ఉండనే ఉన్నారు. 1967 జులైలో జాన్ లివర్ కేన్సర్‌తో పోయాడు. ఆయనకి 40 ఏళ్లు. ఆలిస్‌కి 29. చేతిలో నలుగురు పిల్లలు.

జాన్ బతికుండగా ఇంటికోసం ఒక హార్ప్ ఆర్డరిచ్చాడు. నిలబెట్టి మీటే పెద్ద తీగల వాయిద్యం. అది తయారై ఇంటికొచ్చేసరికి ఆయన లేడు. ఆలిస్ దాని ముందు కూర్చుంది. ఆ రోజుల్లో నిద్ర లేక, తిండి లేక బాగా చిక్కిపోయింది. తర్వాత స్వామి సచ్చిదానంద దగ్గర ధ్యానం నేర్చుకుంది. 1969లో అమెరికాలో లక్షలమంది వచ్చిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవాన్ని ఆశీర్వదించిన మన దేశపు స్వామీజీ ఆయనే. ఆయన పేరే ఆల్బమ్‌కి పెట్టుకుంది.

ఇవాళ ఫ్యూజన్ అంటే రీల్‌లో గిటారు పక్కన మృదంగం కనిపించగానే మనం లైక్ కొట్టేస్తాం. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ తర్వాతి రోజుల్లో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి వాయించాడు కదా, వాళ్లు మొదట పెట్టిన శక్తి బృందం తొలి ఆల్బమ్ 1976లో వచ్చింది. ఆలిస్ రికార్డు అంతకు అయిదేళ్ల ముందుది. 1970 నవంబరులో, న్యూయార్క్ దగ్గర డిక్స్ హిల్స్‌లో తన ఇంట్లోనే ఉన్న స్టూడియోలో చాలావరకు రికార్డు చేసింది. ఫారో శాండర్స్ సోప్రానో శాక్సాఫోన్, సెసిల్ మెక్‌బీ బేస్, రషీద్ అలీ డ్రమ్స్. తంబుర వేసినామె పేరు కవర్ మీద ఒక్క మాటే: తులసి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇంకోటి. అందులో ‘స్టాపోవర్ బాంబే’ అని ఒక చిన్న పాట ఉంది. అది రికార్డు చేసేనాటికి ఆవిడ ఇంకా మన దేశం చూడలేదు. డిసెంబరులో స్వామీజీతో కలిసి రావాల్సి ఉంది. అంటే బొంబాయిలో దిగకముందే బొంబాయి పాట అయిపోయింది. తన ఇల్లే స్టూడియో కాబట్టి, పోయిన మనిషి వస్తువుల మధ్యే కూర్చుని, ఇంకా చూడని చోటుకి దారి వేసుకుంది. మా ఇంట్లో మేం చేసింది దీనికి తిరకాసు. పోయిన మనిషి వస్తువు మీద దుప్పటి కప్పి, ఉన్న మనిషిని దాని వెనక కూర్చోబెట్టాం.

ఇంకా చదివా. జాజ్ లోకంలో ఆవిణ్ణి తేలిగ్గా వదల్లేదు. 1972లో జాన్ పాత రికార్డింగుల మీద తను రాసిన తీగవాయిద్యాల సంగీతం కలిపి ‘ఇన్ఫినిటీ’ అనే ఆల్బమ్ తెస్తే, ఆయన అభిమానులు మండిపడ్డారు. ఆయన వస్తువుని ముట్టుకున్నావని కోపం. ఏ దేశమైనా భర్త పోయిన ఆడమనిషికి ఒక డ్యూటీ వేస్తుంది కదా: కాపలా. ఆయన పేరుకి, ఆయన పెట్టెకి, ఆయన ఫొటోకి. తన పాట తను పాడుకుంటానంటే ‘ఇప్పుడెందుకులే’.

1978 తర్వాత ఆవిడ మామూలు జాజ్ ఆల్బమ్‌లు ఆపేసింది. 1983లో లాస్ ఏంజెలిస్ దగ్గర కొండల్లో ఆశ్రమం పెట్టింది. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు. ఆ ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు. అక్కడ ప్రతి వారం భజనలు. చిన్నప్పటి చర్చి పాట ఊపు, మన రాముడు, నారాయణుడు, కేశవుడు. వాటిని క్యాసెట్లుగా చేసి భక్తులకి ఇచ్చేవాళ్లు. బయట లోకానికి అవి పెద్దగా తెలిసింది 2017లో, ఒక సంకలనం వచ్చాక. అప్పటికి ఆవిడ పోయి పదేళ్లు. 2018 నవంబరులో కార్చిచ్చు వచ్చి ఆశ్రమం కూడా కాలిపోయింది. పాటలు మిగిలాయి.

సంక్రాంతికి ఊరికి బస్సెక్కింది జనవరి 12న. ఆలిస్ 2007లో పోయింది కూడా జనవరి 12నే. అది నేను చూసుకుని ఎక్కింది కాదు. మిర్యాలగూడ దాటాక ఫోన్లో మళ్లీ ఆవిడ గురించి వెతుకుతుంటే కనిపించింది. వాడపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి మీద బస్సు నెమ్మదించింది. చెవిలో అదే తంబుర. దాచేపల్లి వచ్చింది, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు వచ్చాయి. అప్పుడే మెసేజ్: ‘సిస్టర్, హార్మోనియం ఉందా? ఆరు వేలకి ఓకే అంటే కనుమ తెల్లారి వచ్చి తీసుకెళ్తా.’

‘ఓకే’ అని టైప్ చేశా. పంపలేదు.

బస్సులోనే ఇంకో సంగతి చదివా. ఆలిస్ కొడుకు రవి. రవిశంకర్ మీద అభిమానంతో జాన్ పెట్టుకున్న పేరు. తండ్రిలాగే శాక్సాఫోన్ వాయిస్తాడు. 1982లో అమ్మ చేసిన ‘తురీయ సింగ్స్’ అనే క్యాసెట్‌కి, కేవలం ఆవిడ గొంతు, ఆవిడ ఎలక్ట్రిక్ ఆర్గాన్ మాత్రమే ఉన్న ఒక ప్రతి అతనికి దొరికింది. మిగతా హంగులేవీ లేకుండా దాన్నే 2021లో బయటికి తెచ్చాడు. అమ్మ గొంతు, అమ్మ పెట్టె. ఆ కొడుకు ఆ పని చేస్తే, నేను అమ్మ పెట్టెకి ఫొటోలు తీసి రేటు రాశా. ఇన్నాళ్లూ అది నాన్న హార్మోనియం అనుకోవడం వల్లే అమ్మేయగలిగా. అది అమ్మది కూడా అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

భోగి రోజు సాయంత్రం అమ్మ అరిసెలు వత్తి అలిసిపోయి అరుగు మీద కూర్చుంది. ఇయర్‌ఫోన్స్ ఇచ్చా.

‘‘ఏందమ్మే ఇది?’’

‘‘విను ముందు.’’

తంబుర మొదలవగానే అమ్మ మొహం మారింది. ‘‘శ్రుతి ఎవరేస్తున్నారు?’’

‘‘తులసి అంట.’’

‘‘మన పిల్లేనా?’’

‘‘ఏమోనమ్మా. పేరొక్కటే ఉంది.’’

కాసేపు విన్నది. ‘‘ఆ లావు తీగ చూడు, ఒకటే మాట చెప్తా ఉంది. మీ నాన్న రాయబారంలో ఎనకమాల అట్టాగే పట్టుకునేవాడు, పద్యం ఎటుపోయినా.’’ శాక్సాఫోన్ వచ్చాక ‘‘ఇది సన్నాయా?’’ అంది. హార్ప్ గురించి చెబితే ‘‘మరి ఆమె పెట్టె వాయించదా? పియానో అన్నావుగా’’ అంది.

నాలుగో పాట పెట్టా. అందులో పియానో ఉంటుంది. దాదాపు పది నిమిషాల పాట. పేరు ‘సమ్‌థింగ్ అబౌట్ జాన్ కోల్‌ట్రేన్’. భర్త పేరు మీద చేసుకున్నది అని చెప్పా. అమ్మ మధ్యలో మాట్లాడలేదు. అయిపోయాక ఇయర్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

‘‘ఆయన పోయిన ఎన్నాళ్లకి?’’

‘‘మూడేళ్లు దాటాక.’’

‘‘పిల్లలు?’’

‘‘నలుగురు.’’

‘‘ఎవరూ ఏమీ అనలా?’’

‘‘అన్నారమ్మా. చాలా అన్నారు.’’

‘‘అంటారు’’ అంది అమ్మ. ఇంకాసేపటికి, వీధిలోకి చూస్తూ, ‘‘ఏడ్చినట్టు లేదమ్మే ఆ పాట. పని చేసుకుంటున్నట్టుంది’’ అంది.

నేను ఇన్ని రాత్రులు విని, ఇంత చదివి, అంత మాట అనుకోలేకపోయా. దుఃఖం తీరాక పాడొచ్చు అని ఊరు అమ్మకి చెప్పింది. నేనూ అదే అనుకున్నా. పాడటం కూడా దుఃఖంలో చేసే పనే అని, ఆపితే అది తీరదని, అమ్మకి ముందే తెలుసు. చెప్పే చోటు మేం ఇవ్వలేదు.

ఆ రాత్రి రవి తెచ్చిన ఆల్బమ్ కూడా వినిపించా. గొంతూ ఆర్గానూ మాత్రమే. ‘‘ఇది అచ్చం మన పెట్టేగా!’’ అని నవ్వింది. పుట్టపర్తి బాబా భక్తురాలని చెబితే, ‘‘అంత దూరం నుంచే!’’ అంది. అప్పుడు నేను ఫోన్ తీసి యాప్‌లో పెట్టిన ఫొటోలు ఆమె ముందే డిలీట్ చేశా. ఆరు వేల మనిషికి ‘సారీ అన్నా, అమ్మటం లేదు’ అని పంపా. ‘ఏడు వేలు?’ అన్నాడు. అమ్మ చదివి, ‘‘మీ నాన్న కొన్నదే అంతకి కాదు’’ అని మళ్లీ నవ్వింది. ‘సారీ అమ్మా’ అనాలనుకున్నా. ఆమె అరిసెల డబ్బా మూత వెతుకుతోంది. అనలేకపోయా. ఇందుకే ఇక్కడ రాస్తున్నా.

కథల్లో అయితే ఆ రాత్రే పెట్టె దించి అద్భుతంగా వాయించాలి. మా ఇంట్లో అట్టా జరగలేదు. పండగ రోజు చుట్టాలు. కనుమ రోజు మధ్యాహ్నం అటక మీంచి దించితే తిత్తికి చిన్న చిల్లు. గాలి నిలవడం లేదు. ఒక మెట్టు ముట్టుకోకపోయినా దానంతటదే మోగుతోంది. ఇంకో రెండు మూగవి. అమ్మ రీడ్ల పలక తీసి, బ్లేడు అంచుతో దుమ్ము దులిపి, సైకిల్ ట్యూబు ముక్కతో చిల్లుకి అతుకేసింది. నాన్న చేస్తుంటే ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని చూసిన చెయ్యి. సాయంత్రానికి వాయించింది. వేళ్లు తడబడ్డాయి. ‘‘మర్చిపోయా’’ అంది. ఆపలేదు మాత్రం. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసి వెళ్లింది. పెద్దమ్మ మాత్రం ‘‘ఎవరి కోసమే ఇప్పుడు?’’ అంది. ‘‘నాకోసమే అక్కా’’ అంది అమ్మ. అంత నెమ్మదిగా అంది కాబట్టి గొడవ కాలేదు.

నేను హైదరాబాద్ వచ్చేశా. ఇప్పుడు నైట్ షిఫ్టులో బ్రేక్ టైముకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వస్తుంటాయి. అమ్మ పడుకునే ముందు పంపినవి. ఒకరోజు మోహన, ఒకరోజు ఏదో పద్యం సగం. ఒకరోజు ఆ లావు తీగ మాటని హార్మోనియం మీద పట్టుకుని పంపింది. ‘‘కరెక్టేనా చూడు’’ అని. నాకేం తెలుసు! ఆలిస్ కోల్‌ట్రేన్‌కి పంపమన్నట్టు ఫార్వర్డ్ బటన్ వైపు కాసేపు చూశా.

మా అమ్మ ఆలిస్ కాదు. ఆమెకి స్టూడియో లేదు, రికార్డు కంపెనీ లేదు. ఊళ్లో ఇప్పటికీ ఎక్కువమందికి ఆమె ఫలానా ఆయన భార్యే. ఒక పాట విన్నంత మాత్రాన ఊళ్లు మారవు. కానీ మీ ఇంట్లో కూడా దుప్పటి కప్పిన పెట్టె ఏదో ఒకటి ఉంటుంది. కుట్టుమిషనో, డోలకో, అమ్మ పాటల నోటుబుక్కో. దానికి ఫొటో తీసి రేటు రాసే ముందు, అది ఎవరిదో ఒక్కసారి అడగండి. ‘నీ ఇష్టం’ అంటే, రెండోసారి అడగండి.

మొన్న శ్రీరామనవమికి లీవు దొరికింది. రామాలయం ముందు తాటాకు పందిరి, పానకం, వడపప్పు. ఈసారి వాళ్లే వచ్చి అడిగారు, వేరే ఎవరూ దొరకలేదు కాబట్టి. కారణం ఏదైతేనేం, అమ్మ వెళ్లింది. స్తంభం పక్కన కూర్చుని తిత్తి కదిపింది. తన శ్రుతి పెట్టింది, ఐదున్నర. ఆ రోజు ‘బాగుండదు’ అన్న పెద్దాయన ముందు వరసలోనే తాళాలు పట్టుకుని ఉన్నాడు. రెండు పాటలయ్యేసరికి ఆయాసపడి, ‘‘అమ్మాయ్, శ్రుతి కొంచెం దించు. మా గొంతులు అందుకోలేకపోతున్నాయి’’ అన్నాడు.

‘‘ఇంకో రెండు పాటలు చూడండి బాబాయ్, అవే అందుతాయి’’ అంది అమ్మ. దించలేదు.